అరపెగ్గు ఓపిక

విజయవాడ పటమటలోనో, గుడివాడలోనో, ఉయ్యూరులోనో పిల్లలెవరూ అమెరికాలో లేని వీధి ఇప్పుడు అరుదు. దసరాకి ఆ పిల్లలు ఇంటికొస్తే పెట్టెలో చాక్లెట్లు, అత్తగారికి హ్యాండుబ్యాగు, మావయ్యగారికి బీపీ మిషన్ ఉంటాయి. వాటి కింద తువ్వాలు చుట్టిన సీసా ఒకటి ఉంటుంది. విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా మద్యం తెచ్చుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు ఒకే పండక్కి కలిస్తే మేడ మీద గదిలో నాలుగు రకాల అమెరికా విస్కీలు ఒకచోట చేరతాయి. ఇక్కడి ధరలో కొనాలంటే చాలామంది వెనకాడే సరుకది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం బర్బన్ అనే అమెరికా విస్కీ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించినా అవి మన దుకాణాల్లో ఇంకా ఖరీదైనవే.

అంత దూరం నుంచి, అంత జాగ్రత్తగా వచ్చిన సీసాలకి మేడ మీద ఏం జరుగుతుందో మీకు తెలుసు. గ్లాసులో అరవై పోసి, నిండా ఐసు వేసి, పైన సోడా కొట్టి, పక్కన కారం దట్టించిన చికెన్ పకోడి పెట్టుకుంటారు. అరగంటలో సీసా సగమవుతుంది. మర్నాడు పొద్దున ఎలా ఉందిరా అని అడిగితే "స్మూత్‌గా ఉంది బావా" అంటారు. నాలుగు సీసాలకీ అదే మాట. వేల కిలోమీటర్లు దాటి వచ్చిన నాలుగు వేర్వేరు రుచులు ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి. ఈ నష్టాన్ని ఆపడం కష్టం కాదు. ఒక సాయంత్రం, నాలుగు సీసాలు, మనిషికి 40 మిల్లీలీటర్లు చాలు. ఓపిక మాత్రం ఎక్కువ కావాలి.

ముందు ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పుకుందాం. మద్యం ఏ మోతాదులోనూ ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. అలవాటు లేనివాళ్లు ఈ అధ్యాయం చదివి మొదలుపెట్టక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు, కాబట్టి ఇంజినీరింగ్ చదివే తమ్ముణ్ణి ఈ బల్ల దగ్గరికి పిలవొద్దు. కాలేయం జబ్బు, షుగరు, నిద్రమాత్రలు ఉన్నవాళ్లూ, ఒకసారి మానేసినవాళ్లూ వాసన దగ్గరే ఆగిపోవచ్చు. అందులోనే సగం విద్య ఉందని ముందు ముందు చూస్తారు. "నా మీద ఒట్టు, ఒక్క చుక్క" అని బతిమాలడం మన పండగల్లో ఒక మర్యాదలా చెలామణి అవుతోంది. మీ ఇంట్లో ఆ మర్యాద ఈ ఏడాదితో ఆపేయండి.

దాచుకున్న గ్లాసు తొందరగా ఖాళీ అవుతుంది

మనవాళ్లు అంత గబగబా ఎందుకు తాగుతారో ఆలోచించండి. ఎవరైనా మెట్లెక్కి వస్తారేమోనని. అమ్మ చూస్తుందని, పిల్లలు అడుగుతారని, సీసా బీరువా వెనక్కి పోవాలని. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ అంటుకున్న ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. ఎన్టీ రామారావు 1994 ఎన్నికల్లో మద్యనిషేధం మాటిచ్చి గెలిచారు, 1995 జనవరి నుంచి దాన్ని అమలుచేశారు. 1997లో నిషేధం సడలినా ఆ ఆడవాళ్ల జ్ఞాపకం సడలలేదు. కూలి డబ్బులు సారా కొట్టుకి పోయిన ఇళ్లు, రాత్రి తలుపు చప్పుడుకి పిల్లలు మంచం కిందకి దూరిన ఇళ్లు డెల్టా పల్లెల్లో లెక్కలేనన్ని. సీసా కనబడగానే మీ పెద్దమ్మ మొహం మారిందంటే ఆవిడ వెనక ఆ చరిత్రంతా ఉంది. ఆ మొహాన్ని గౌరవించకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

గౌరవించడమంటే మరింత లోపలికి దాచడం కాదు. దాచినకొద్దీ తొందర పెరుగుతుంది, తొందరలో కొలత తప్పుతుంది, కొలత తప్పితే ఆ పెద్దమ్మ భయపడ్డదే నిజమవుతుంది. అందుకని హాల్లో, దీపాలు వెలుగుతుండగా, భోజనాల బల్ల మీదే పెట్టుకోండి. ఇంట్లో పెద్దావిడని ముందే అడగండి: "అత్తయ్యా, రేపు సాయంత్రం నలుగురం కూచుని అమెరికా నుంచి వచ్చినవి వాసన చూసి పోల్చుకుందామనుకుంటున్నాం. మనిషికి నాలుగు మూతలు, అంతే. మీకు అభ్యంతరమైతే వద్దులెండి." వద్దంటే వద్దే. సరేనంటే ఆవిడ్నీ కూచోమనండి, తాగడానికి కాదు. ఆవిడ ముక్కు ఈ సాయంత్రానికి చాలా అవసరం.

రోజు కూడా చూసుకోవాలి. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి రోజుకో అలంకారం జరిగే నవరాత్రుల్లో చాలా ఇళ్లల్లో నీచు ముట్టరు, కొందరు భవానీ దీక్షలో ఉంటారు. తెప్పోత్సవం అయిపోయి, దీక్షలు విరమించి, చుట్టాలు ఇంకా ఊళ్లోనే ఉన్న రోజు చూసుకోండి. గాంధీ జయంతి నాడు దుకాణాలు మూసేస్తారు. 2025లో విజయదశమి సరిగ్గా అక్టోబరు 2నే వచ్చింది. పండగ మర్నాడో, ఆ పైవారమో మంచిది.

మొక్కజొన్న చేసే పని

అమెరికా విస్కీ గురించి కృష్ణా డెల్టా వాళ్లకి చెప్పడం తేలిక, దాని ముడిసరుకు మన చేలల్లోనే ఉంది. వరి కోశాక అదే తడిలో దున్నకుండా మొక్కజొన్న వేయడం కృష్ణా, గుంటూరు రైతులకి కొత్తకాదు. బర్బన్ అనిపించుకోవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం ఆ మొక్కజొన్నే ఉండాలని అమెరికా చట్టం. తక్కినదాంట్లో రై అనే ఘాటైన ధాన్యమో, గోధుమో, మొలకెత్తించిన బార్లీయో పడుతుంది. బట్టీలో దించిన సారాన్ని లోపలి గోడ కాల్చి బొగ్గుచేసిన కొత్త ఓక్ పీపాలోనే నిలవచేయాలి. ఆ పీపాని బర్బన్‌కి ఒక్కసారే వాడతారు. తర్వాత అది ఓడెక్కి స్కాట్లండ్‌కో, మన బెంగళూరు అమృత్ డిస్టిలరీకో, గోవా పాల్ జాన్‌కో చేరుతుంది. రంగు కలపకూడదు, రుచులు కలపకూడదు. గ్లాసులో కనిపించే తేనెరంగంతా ఆ కాలిన కొయ్యదే.

మన దుకాణాల్లో దొరికే మామూలు విస్కీలు చాలావాటికి మూలం ధాన్యం కాదు, చెరకు మడ్డి. ఉయ్యూరులో కేసీపీ చక్కెర కర్మాగారం పక్కనే డిస్టిలరీ ఉన్నదందుకే. చక్కెర తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి, బాగా శుద్ధిచేసిన సారం తీసి, అందులో కొంత మాల్టు కలుపుతారు. మడ్డితో చేసినదాన్ని విస్కీ అని అమ్మడానికి యూరప్‌లో ఒప్పుకోరు. ఇది నింద కాదు, తయారీలో ఉన్న తేడా. శుద్ధి ఎక్కువైనకొద్దీ ముడిసరుకు వాసన పోతుంది, బర్బన్‌లో దాన్ని కొంత ఉంచుతారు. పోల్చే బల్ల మీద వాసనకి మాత్రమే అయిదో గ్లాసుగా మనదొకటి పెట్టి చూడండి, ఈ తేడా ముక్కుకే తెలిసిపోతుంది.

లేబుల్ మీది అంకెలు చదవడం కూడా నేర్చుకోవాలి. అమెరికా సీసా మీద "101 ప్రూఫ్" అని ఉంటే సగం చేయండి, 50.5 శాతం ఆల్కహాలు. మన సీసా మీద 42.8 శాతం అని, పక్కనే 25 డిగ్రీలు యూపీ అని ఉంటుంది. అది పాత బ్రిటిష్ లెక్క, వాళ్ల నూరు ప్రూఫ్ అంటే 57.1 శాతం, అందులో నాలుగో వంతు తీసేస్తే 42.8. ఇది తెలియక 101 అంకె చూసి దడుచుకునేవాళ్లున్నారు, తెలియకుండానే మామూలు పెగ్గులా పోసుకునేవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్ల గురించే నా బెంగ.

సీసాలు ఏవైనా ఫరవాలేదు, ఒకదానికొకటి తేడాగా ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా తెచ్చేవాటిలోంచి నాలుగు చెబుతాను. మేకర్స్ మార్క్, ఎర్ర మైనంలో ముంచిన మూత. ఇందులో రై బదులు గోధుమ పడుతుంది, అమెరికాలో అమ్మేది 45 శాతం. బిల్ శామ్యూల్స్ 1950లలో కొత్త పాళ్లు వెతుకుతూ, ఒక్కో విస్కీ పండేదాకా ఏళ్లు ఆగలేక, రకరకాల ధాన్యాల పాళ్లతో రొట్టెలు కాల్చి రుచి చూశాడని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. మైనం ఆలోచన ఆయన భార్య మార్జీది. రెండోది వుడ్‌ఫర్డ్ రిజర్వ్, ఇందులో మొక్కజొన్న 72 శాతం, రై 18, బార్లీ 10. అక్కడ అమ్మే సీసా 45.2 శాతం. మూడోది వైల్డ్ టర్కీ 101. దీన్ని ఏళ్ల తరబడి చేసిన జిమ్మీ రసెల్ 1954లో ఆ డిస్టిలరీలో పనికి చేరినవాడు. నాలుగోది టెనసీ రాష్ట్రంలో లించ్‌బర్గ్ నుంచి వచ్చే జంటిల్‌మన్ జాక్, 40 శాతం. దీన్ని చేసే జాక్ డానియల్స్ వాళ్లు పీపాలో పోయకముందు సారాన్ని మేపుల్ కర్ర బొగ్గులోంచి చుక్కలు చుక్కలుగా కారుస్తారు. ఈ రకాన్ని రెండోసారి కూడా వడపోస్తారు. జాక్ డానియల్‌కి ఈ విద్య నేర్పింది నియరెస్ట్ గ్రీన్ అనే నల్లజాతి మనిషి. అప్పట్లో బానిస. సీసా మీద ఆయన పేరు లేదు, మనం మాత్రం చెప్పుకోవచ్చు.

పాతదైతే గొప్పది అనే నమ్మకం మనకి స్కాచ్ నుంచి వచ్చింది. స్కాచ్ చాలావరకు వాడేసిన పీపాల్లో, చల్లటి గాలిలో పండుతుంది. బర్బన్ కొత్త పీపాలో, కెంటకీ ఎండలకి గోదాముల్లో వేడెక్కుతూ పండుతుంది. ఏటా నూటికి నాలుగైదు వంతులు ఆవిరైపోతుంది, కొయ్య వేగంగా దిగుతుంది. మరీ ఎక్కువ ఏళ్లుంచితే వగరు, చేదు ముందుకొస్తాయి. ఆరేడేళ్ల సీసా ముందు ఇరవై మూడేళ్ల సీసాకి పదింతలు డబ్బు పెట్టినంత మాత్రాన పదింతలు రుచి రాదు. లేబుల్ మీద బాటిల్డ్ ఇన్ బాండ్ అన్న మాట కనిపిస్తే నమ్మకంగా కొనండి. 1897 నాటి చట్టమది. ఒకే డిస్టిలరీ, ఒకే రుతువు, కనీసం నాలుగేళ్లు, కచ్చితంగా 50 శాతం. ధరకి తగ్గ సరుకు దొరకడానికి దాన్ని మించిన గుర్తు నాకు కనబడలేదు.

బల్ల సర్దడం

పండగ ఇంట్లో ముక్కుకి మొదటి శత్రువు సాంబ్రాణి. పొద్దుటి పూజ అగరుబత్తీలు, కర్పూరం, గుమ్మానికి కట్టిన బంతిపూలు, వంటింట్లో పోపు, అన్నీ కలిసి గాలి నిండి ఉంటుంది. మధ్యాహ్నం నుంచే కిటికీలు తీసిపెట్టి, సాయంత్రానికి ఏసీ వేసుకోండి. ఏసీ సుఖానికి మాత్రమే కాదు. అక్టోబరులో కూడా విజయవాడ ఉక్క ఉక్కే. వేడికి ఆల్కహాలు ఆవిరి ముందే ఎగిసి ముక్కుని పొడుస్తుంది, దాని వెనకున్న వాసనలు రావు. సీసాలు గంటసేపు ఏసీ గదిలో ఉంటే చాలు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అతి చల్లదనానికీ వాసన ముడుచుకుంటుంది. ఐసు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

స్టీలు గ్లాసులు వద్దు. అడుగు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉన్న గాజు గ్లాసులు కావాలి. అవి లేకపోతే చిన్న వైను గ్లాసులు వాడుకోండి. పోశాక పైన సాసరు మూయండి. కొలవడానికి దగ్గు మందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూత కడిగి ఆరబెట్టండి, 5, 10 గీతలు అందులో ఉంటాయి. ఒక్కో రకం 10 మిల్లీలీటర్లు. నాలుగూ కలిపితే 40. సగటున 45 శాతం లెక్కన అందులో దాదాపు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఆ రాత్రికి అంతే. రెండో రౌండు ఉండదని మొదటే చెప్పి కూచోండి.

తిండి విషయంలో మనవాళ్లకి బాధగానే ఉంటుంది. అయినా చెప్పక తప్పదు. గొంతులో విస్కీ మంటనీ, గుంటూరు మిరపకాయ మంటనీ పసిగట్టేది ఒకే నాడీగ్రాహకం. మామూలుగా 42 డిగ్రీల వేడి దాటితే గానీ మేల్కొనని ఆ గ్రాహకం ఆల్కహాలు తగిలితే 34 డిగ్రీల దగ్గరే మేల్కొంటుంది. అంటే మన ఒంటి వేడే దానికి మంటలా తోస్తుంది. దాని మీద కారం పకోడి కూడా పడితే నాలుకకి మంట తప్ప ఇంకేం మిగులుతుంది? సాయంత్రం అయిదు గంటలకే పెరుగన్నం తినేయండి, ఆవకాయ లేకుండా. బల్ల మీద ఉప్పు వేయని మరమరాలు, గోరువెచ్చటి నీళ్లు ఉంటే చాలు. పకోడి తర్వాత తినొచ్చు, పారిపోదు.

ఇక అసలు పని. సీసాలు ఎవరికీ కనబడకూడదు. తాగనివాళ్లు ఒకరు వంటింట్లో పోసి, గ్లాసుల అడుగున అంకెలంటించి పట్టుకురావాలి. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి నిపుణులు ఇలాగే పేర్లు తెలియకుండా రుచిచూసి, తమ దేశపు ఘనమైన వైన్లని కాదని కాలిఫోర్నియా వైన్లకి మొదటి స్థానం ఇచ్చారు. పేరు కనబడి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు. మనకి పేరుతో పాటు ఇంకో అడ్డు కూడా ఉంది, వరస. పెద్దబావగారు "రెండోది అదిరింది" అన్నాక మరిది "నాకు నచ్చలేదండీ" అనలేడు. అందుకని మాట్లాడకముందే రాయాలి. తలా ఒక కాగితం, ఒక పెన్ను. గ్లాసుకి మూడు మాటలు రాశాకే నోరు తెరవాలి. ఈ ఒక్క నియమం పాటించినా మీ సాయంత్రం వృథా కాదు.

ముక్కు, నాలుక, నీళ్లు

మొదటి పది నిమిషాలు ఎవరూ తాగకూడదు. గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, చిన్నచిన్నగా పీల్చండి. గుండెల నిండా పీల్చారో ఆల్కహాలు ముక్కుని మొద్దుబారుస్తుంది. ఒక గ్లాసుకీ ఇంకోదానికీ మధ్య మీ మోచేతి మడత వాసన చూసుకోండి, ముక్కు తిరిగి మామూలు స్థితికి వస్తుంది.

అమెరికా పుస్తకాలు చెర్రీ అనీ, మేపుల్ పాకం అనీ, టాఫీ అనీ రాస్తాయి. వాటిని పక్కన పెట్టండి. చెట్టు మీద చెర్రీ కోసుకుతినని మనిషి గ్లాసులో చెర్రీ వెతికితే దొరకదు, దొరికినట్టు నటించడం అలవాటవుతుంది. డెల్టాలో పెరిగినవాళ్ల ముక్కులో ఇంతకంటే పెద్ద భాండాగారం ఉంది. బందరు రోడ్డు మీద వానాకాలం సాయంత్రం బొగ్గుల మీద కాల్చే మొక్కజొన్న పొత్తు. బందరు లడ్డుకి పట్టిన బెల్లం పాకం. తేగల మాడు. పచ్చికొబ్బరి, ఎండుకొబ్బరి. కొత్త తలుపు చెక్క చిత్రిక పడుతున్నప్పటి వాసన. బేరన్లో ఎండిన వర్జీనియా పొగాకు. నూజివీడు రసాలు మగ్గేసిన గడ్డి. ఇవన్నీ కవిత్వానికి చెప్పడం లేదు, చాలావాటికి కారణం గ్లాసులోనే ఉంది. ఓక్ కొయ్యని కాల్చినప్పుడు అందులో గట్టిదనాన్నిచ్చే పదార్థం విరిగి వెనిలిన్ పుడుతుంది, ఐస్‌క్రీం వాసన అదే. కొయ్యలోని చక్కెరలు మాడి పాకం వాసననిస్తాయి. అమెరికా తెల్ల ఓక్‌లో ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసననిస్తాయి. లవంగానికి ఆ వాసన తెచ్చే యూజినాల్ ఓక్‌లోనూ ఉంటుంది.

జీవితంలో చుక్క ముట్టని ఒక పెద్దావిడ ఇలాంటి బల్ల దగ్గర కూచుని గ్లాసు వాసన చూడటం నాకు బాగా గుర్తు. మొదట చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మనవడు బతిమాలితే ఒక గ్లాసు మీది సాసరు తీసింది.

"ఇదేంట్రా, అరిసెల పాకం ముదిరిపోయినప్పటి వాసనొస్తోంది."

"రెండోది చూడు అమ్మమ్మా."

"ఇందులో లవంగం ఉంది. పంటి మందు వాసన. పాకం తక్కువ." కాసేపాగి మళ్లీ మొదటిది తీసింది. "ఇది మెత్తగా ఉంది. గోధుమరవ్వ వేయించినట్టు."

మొదటిది గోధుమ పడ్డ మేకర్స్ మార్క్. రెండోది రై పడ్డ వైల్డ్ టర్కీ. చుట్టూ ఉన్న మగవాళ్లలో ఒక్కరికీ ఆ తేడా అంత సూటిగా అందలేదు. అరవై ఏళ్లు పొయ్యి దగ్గర పాకం తీగ చూసిన ముక్కు అది. రుచి విద్యని మద్యంతో ముడిపెట్టి మగవాళ్ల గదిలో బంధించడం ఎంత అన్యాయమో ఆ సాయంత్రం స్పష్టంగా కనబడింది.

వాసనలు రాశాక నాలుక. మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోవద్దు, అది నోటిని సిద్ధం చేయడానికే. అరచెంచా కంటే తక్కువ తీసుకుని, నమిలినట్టు చేసి, నోరంతా తిప్పి మింగండి. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అసలు రుచి అప్పుడు వస్తుంది. మింగడం ఇష్టం లేకపోతే ఉమ్మేయడానికి ఒక గిన్నె పెట్టుకోండి, వృత్తిగా రుచి చూసేవాళ్లు చేసేదదే, సిగ్గుపడే పనేం కాదు. రెండో గుక్కకి మూడు విషయాలు రాయండి: ముందు ఏం తగిలింది, మధ్యలో ఏమైంది, మింగాక ఎంతసేపుంది. చివరిదానికి గోడగడియారం చూడండి. కొన్ని పది సెకన్లలో మాయమవుతాయి, కొన్ని నిమిషం దాటినా గొంతులో వెచ్చగా ఉంటాయి.

ఇప్పుడు నీళ్లు. 40 శాతం విస్కీనీ, 50.5 శాతం విస్కీనీ ఉన్నపళంగా పోల్చడం న్యాయం కాదు, ఘాటైనది ఎప్పుడూ పెద్దగా అరుస్తుంది. అందుకని అన్నిటినీ 40కి దించండి. గ్లాసులో 10 మిల్లీలీటర్లుంటే వైల్డ్ టర్కీకి అర టీస్పూను నీళ్లు, మేకర్స్ మార్క్‌కీ వుడ్‌ఫర్డ్‌కీ పావు టీస్పూను, జంటిల్‌మన్ జాక్‌కి ఏమీ వద్దు. గ్లాసులో సగం తాగేసి ఉంటే నీళ్లు కూడా సగమే. క్యాన్ నీళ్లే వాడండి, బోరు నీళ్ల ఉప్పదనం తెలిసిపోతుంది. నీళ్లు పడ్డాక కొత్త వాసనలు లేస్తాయి. ఇందాక మంటగా అనిపించినదాంట్లో ఎండుద్రాక్షో, నారింజ తొక్కో బయటపడొచ్చు. నా మటుకు నాకు వైల్డ్ టర్కీ ఇక్కడే గెలుస్తుంది. నీళ్లు పోసినా అది నిలబడుతుంది, దాని లవంగం ఘాటు పలచబడదు. జంటిల్‌మన్ జాక్ మెత్తదనం మొదటిసారి అందరికీ నచ్చుతుంది. కానీ రెండుసార్లు బొగ్గులో వడపోసేసరికి మొక్కజొన్న వాసన కూడా కొంత పోయిందని నాకనిపిస్తుంది. మీకు తిరగబడి రావచ్చు. మీ కాగితం మీద మీ మాటే చెల్లుతుంది.

మీకు తేడా నిజంగా తెలుస్తోందా, ఊహించుకుంటున్నారా అని తేల్చుకునే పరీక్ష ఒకటుంది. ఆహార ప్రయోగశాలల్లో వాడేదే. నాలుగూ పోల్చాక మరో సాయంత్రం రెండు రకాలు మాత్రమే తీసుకోండి. మూడు గ్లాసుల్లో రెండింట్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో వేరేది. వేరుగా ఉన్నదేదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి ఒక్కసారి తగిలితే సంబరపడొద్దు. తాగకుండా వాసనతోనే ఈ పరీక్ష పెట్టుకోవచ్చు, ఎన్నిసార్లయినా. వాసన మీద గురి కుదిరినవాళ్లకి నాలుక మీద చాలా తక్కువ పడితే సరిపోతుంది. ఈ విద్య వల్ల నాకు కనిపించిన పెద్ద మార్పు అదే. అరవై పోసుకునే చెయ్యి పదికి దిగింది, ఎవరూ దిగమని చెప్పకుండానే.

కల్లు తెలిసిన నేల ఇది. తెల్లవారుజామున దించిన తాటి కల్లు తీపి, ఎండెక్కేసరికి పులుపు, ఏ చెట్టుది ఏ రుచో, లొట్టిలో సున్నం ఉందో లేదో గీత కార్మికులు నాలుక మీద బొట్టుతో చెప్పేవాళ్లు. వాళ్లలో ఎవరూ రుచి చూడటానికి ముంతెడు తాగలేదు. ఆ ఒడుపు మన తాతల తరం దాకా ఉంది. పెగ్గుల లెక్క వచ్చాక పోయింది.

సాయంత్రం ముగిశాక ఎవరూ బండి తీయకూడదు. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం, శరీరం చిన్నదైతే ఈ నాలుగు మూతలకే ఆ గీత దాటవచ్చు. బెంజి సర్కిల్ దాటి ఇంటికి పోవాల్సినవాళ్లకి పక్కలు వేయండి, లేదా ఆటో పిలవండి.

కాగితాల మీద తేదీ, సీసా పేరు, శాతం రాసి ఒక కవర్లో పెట్టండి. సంక్రాంతికి మళ్లీ కలిసినప్పుడు పాతవి చూడకుండా కొత్తగా రాసి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. మిగిలిన సీసాలని వైనులా పడుకోబెట్టకూడదు, నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే ఘాటుకి బిరడా నానిపోయి విరుగుతుంది. వేసవిలో బిరడా ఎండి విరిగితే కంగారుపడకండి, గుడ్డలో వడగట్టి వేరే గాజు సీసాలో పోసుకుంటే సరిపోతుంది. ఎండ తగిలే కిటికీ అర పనికిరాదు. మూడొంతులు ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువై వాసన నెలల్లో చప్పబడుతుంది, దాన్ని శుభ్రంగా కడిగిన చిన్న సీసాలోకి మార్చి, పేరు రాసి, పిల్లలకి అందని బీరువాలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో పెద్దావిడకి చెప్పండి.